మాఘం పెళ్ళికీ మే నెల మెట్రోకీ ఒకే సెంటా?

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. ఉప్పల్‌లో ఉంటాం. ఆఫీసు రాయదుర్గం దగ్గర, వారంలో ఐదు రోజులూ మెట్రోలోనే వెళ్ళొస్తాను. మాల్‌లో రెండు సెంట్లు చూసి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి డోల్చే అండ్ గబ్బానా వాళ్ళ లైట్ బ్లూ, రెండోది వైఎస్ఎల్ వాళ్ళ బ్లాక్ ఓపియం. చెరో మణికట్టు మీదా కొట్టించుకుని వచ్చాను. లైట్ బ్లూ హాయిగా ఉంది కానీ సాయంత్రానికి దాదాపు లేదు. బ్లాక్ ఓపియం మర్నాడు పొద్దున కూడా ఉంది. "పెట్టిన డబ్బుకి అదే గిట్టుబాటు మేడమ్" అంది షాపులో అమ్మాయి. ఏదో ఒకటే కొనమంటున్నారు మా వారు. మాఘంలో మా మరిది పెళ్ళి ఉంది. నెట్‌లో చూస్తే లైట్ బ్లూ ఎండాకాలానికనీ, బ్లాక్ ఓపియం చలికాలానికనీ రాశారు. మన హైదరాబాద్‌లో ఏది నయం? ఆఫీసులో పక్క సీటావిడకి ఘాటు వాసనలు పడవు, తలనొప్పి వస్తుందంటుంది. అదీ చూసుకోవాలి.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఒక్కటే కొనాలన్న మాట మీద మీ వారు గట్టిగా నిలబడితే లైట్ బ్లూ తీసుకోండి. ఆయన కాస్త మెత్తబడితే లైట్ బ్లూ పెద్ద సీసా, బ్లాక్ ఓపియం దొరికినవాటిలోకెల్లా చిన్న సీసా కొనండి. ఎంతెంత అన్న లెక్క కాసేపట్లో చెప్తాం. ముందు ఆ నెట్‌లో చూసిన ఎండాకాలం, చలికాలం సంగతి తేల్చుకోవాలి.

ఆ విభజన తప్పు కాదు గానీ మన ఊరిది కాదు. పారిస్‌లో జూలై మధ్యాహ్నం ఉష్ణోగ్రత సగటున 25, 26 డిగ్రీలు. హైదరాబాద్‌లో జనవరి మధ్యాహ్నం 28, 29. అంటే వాళ్ళ నడి ఎండాకాలం కన్నా మన నడి చలికాలపు మధ్యాహ్నమే వేడి. చలికాలం సెంటు అని వాళ్ళు దేన్నంటారో అది ఉన్ని కోటు మీద, రెండు మూడు డిగ్రీల చలిలో తొడుక్కునే వాసన. మనకి ఆ చలి డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఎనిమిది దాటాక కొంచెం, తెల్లవారుజామున ఇంకొంచెం కనిపించి, పొద్దున తొమ్మిదయ్యేసరికి వెళ్ళిపోతుంది. కాబట్టి హైదరాబాద్‌లో సెంటుకి కాలం చూడటం కన్నా గడియారం చూడటం మేలు. పగలా, రాత్రా? ఆరుబయటా, ఏసీ గదిలోనా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే సగం పని అయినట్టే.

ఇక ఆ రెండు సీసాల్లో ఏముందో చూద్దాం. లైట్ బ్లూ 2001లో వచ్చింది. పైన, అంటే కొట్టగానే వచ్చేది, నిమ్మజాతి వాసన, పచ్చి యాపిల్, మధ్యలో పల్చగా మల్లెజాతి పూలు, అడుగున, అంటే చివరిదాకా మిగిలేది, దేవదారు, కస్తూరి లాంటి మస్క్. బ్లాక్ ఓపియం 2014 నాటిది. కాఫీ, వనిల్లా, తెల్లపూలు, అడుగున మట్టివాసన లాంటి పచౌలీ ఆకు. నిమ్మజాతి తొక్కల్లో ఉండే లిమొనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వనిల్లాకి ఆ వాసననిచ్చే వనిలిన్ దాదాపు 285 డిగ్రీల దగ్గర. మన ఒంటి మీద ఏదీ మరగదు, నిజమే. కానీ తక్కువ వేడికి మరిగేది త్వరగా ఆవిరవుతుంది, ఎక్కువ వేడి కావలసింది చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. నిమ్మ వాసన పావుగంట, అరగంటలో ఎగిరిపోవడానికీ, వనిల్లా మర్నాటిదాకా ఉండటానికీ కారణం ఇదే. ఒకదాంట్లో సరుకు తక్కువనీ, రెండోదాంట్లో ఎక్కువనీ దీన్నిబట్టి తేల్చేయకూడదు.

సరుకు తేడా కూడా కొంత ఉందనుకోండి. లైట్ బ్లూ ఈడీటీ (ఓ ద టాయ్‌లెట్), బ్లాక్ ఓపియం ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్). మామూలుగా ఈడీటీలో పరిమళ ద్రవ్యం 5 నుంచి 15 శాతం, ఈడీపీలో 15 నుంచి 20 శాతం ఉంటుంది. మిగిలింది చాలామటుకు ఆల్కహాలే.

షాపులో అమ్మాయి చెప్పినది అబద్ధం కాదు, బ్లాక్ ఓపియం ఎక్కువసేపు ఉంటుంది. అయితే మే నెలలో మధ్యాహ్నం రెండు గంటల వేళ ఎక్కువసేపు ఉండటమే దాని దోషం. 42 డిగ్రీల ఎండలో మామూలుగా మెల్లగా లేవాల్సిన వనిల్లా, పచౌలీ ఒక్కసారిగా లేస్తాయి. తీపి వాసనకి చెమట తోడైతే పాకం మాడినట్టు ఉంటుంది. పైగా అది కడిగినా వదలదు. లైట్ బ్లూ ఎక్కువైతే గంటలో సర్దుకుంటుంది. బ్లాక్ ఓపియం ఎక్కువైతే ఆ రోజంతా మీరూ, మీ పక్కవాళ్ళూ భరించాలి.

మీరు చేసిన పరీక్షలో ఒక చిక్కుంది. రెండు చేతుల మీదా రెండు పూసుకుంటే బలమైనది రెండోదాన్ని మింగేస్తుంది. వనిల్లా నిండిన ముక్కుకి దేవదారు, మస్క్ ఆనవు. ఇంకో సంగతి, ఒకే వాసన దగ్గరే ఉంటే ముక్కు కాసేపటికి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. లైట్ బ్లూ అడుగున ఉన్న మస్క్ లాంటివాటి విషయంలో ఇది మరీ ఎక్కువ. మీకు లేదనిపించినా ఎదుటివాళ్ళకి ఉండొచ్చు. సాయంత్రానికి దాదాపు లేదన్నారే, అందులో కొంత సెంటు పోవడం, కొంత మీ ముక్కు అలవాటు పడటం.

ఈసారి ఇలా చూడండి. ఆ రోజు ఒంటి మీద వేరే సెంటు, వాసన ఉన్న డియో, వాసన ఉన్న లోషన్ ఏమీ వద్దు. ముందు కాగితం పట్టీ మీద కొట్టించుకుని, ఆల్కహాల్ పోయేదాకా ఒక నిమిషం ఆగి చూడండి. మొదటి పీల్పులో ముక్కుకి గుచ్చుకునేది సెంటు కాదు, ఆల్కహాల్. కాగితం మీద నచ్చితేనే చర్మం మీదకి రండి. ఒక రోజుకి ఒక్కటే. మోచేతి లోపలివైపు ఒక స్ప్రే, మణికట్టుకి మణికట్టు రాయొద్దు. షాపులోంచి వెంటనే బయటపడండి, అక్కడి ఏసీ చల్లదనంలో అన్నీ బాగానే ఉంటాయి. ఎండలో పది నిమిషాలు నడిచాక ఒకసారి, రెండు గంటలకి ఒకసారి, ఐదారు గంటలకి ఒకసారి చూసుకోండి. ఆఖరిసారి మీ ముక్కుని నమ్మకండి, ఇంట్లోవాళ్ళని అడగండి. వాసన మార్చుకోవడానికి కొన్ని షాపుల్లో కాఫీ గింజలు పెడతారు. వాటికన్నా గుమ్మం బయటి మామూలు గాలే చాలు. కాఫీ వాసన ఉన్న సెంటు చూడబోతూ కాఫీ గింజలు పీల్చడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఇప్పుడు ఎంత కొనాలన్న లెక్క. సీసా మూత ఒకసారి నొక్కితే సుమారు 0.1 మి.లీ. వస్తుంది. అంటే 100 మి.లీ. సీసాకి వెయ్యి స్ప్రేలు. మీరు ఆఫీసుకి వెళ్ళేది ఏడాదికి 240 రోజులు అనుకుందాం. పొద్దున మూడు, భోజనాలయ్యాక ఒకటి, మొత్తం నాలుగు. 240 నాలుగులు 960. లైట్ బ్లూ 100 మి.లీ. సీసా సరిగ్గా ఒక ఏడాది వస్తుంది. బ్లాక్ ఓపియం సంగతి చూడండి. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, రాత్రి విందులు, ఇఫ్తార్ పిలుపులు అన్నీ కలిపినా ఏడాదికి పాతిక సాయంత్రాలు దాటవు. ఒక్కో సాయంత్రానికి రెండు స్ప్రేలు. యాభై స్ప్రేలు, 5 మి.లీ. కంపెనీవాళ్ళ 30 మి.లీ. సీసా కొన్నా మీకు ఆరేళ్ళు వస్తుంది. తెరిచిన సెంటు మన వేడిలో ఆరేళ్ళు అదే వాసనతో ఉండటం కష్టం. పెట్టె మీద తెరిచిన డబ్బా బొమ్మ, దాంట్లో 36 అన్న అంకె ఉంటే తెరిచాక 36 నెలలకి కంపెనీ పూచీ అని అర్థం. కాబట్టి 90 మి.లీ. సీసా మీద ఎంత తగ్గింపు ఇచ్చినా అది మీకు గిట్టుబాటు కాదు. 10 మి.లీ. ట్రావెల్ స్ప్రే దొరికితే అదే తీసుకోండి, రెండేళ్ళు నడుస్తుంది. మీ వారికి చూపించాల్సింది ఈ లెక్కే.

ఏడాది పొడుగునా వాడకం చెప్పాలంటే, మార్చి నుంచి జూన్ మొదటి వానలదాకా లైట్ బ్లూ తప్ప రెండో మాట లేదు. రోజుకి ఐదు స్ప్రేలైనా పర్వాలేదు, ఎటూ ఎగిరిపోతుంది. వానాకాలంలో గాలిలో తేమ ఉంటుంది, వాసన తెలుస్తూ ఉంటుంది, ఆరని బట్టల ముక్కవాసన కూడా ఉంటుంది. తడి బట్ట మీద సెంటు కొడితే ఆ రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది, అది దేనికీ మంచిది కాదు. అప్పుడు మూడు స్ప్రేలు, పొడి చర్మం మీద మాత్రమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉండి చర్మం ఎండిపోతుంది. ఎండిన చర్మం మీద సెంటు నిలవదు. అందుకే చలికాలంలో లైట్ బ్లూ మరీ చప్పగా అనిపిస్తుంది. స్నానమయ్యాక వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, సెంటు కొట్టుకోబోయే చోట చిటికెడు వ్యాసెలిన్ గానీ రాసి, ఐదు నిమిషాలు ఆగి, దాని మీద కొట్టండి. తేడా మీకే తెలుస్తుంది. బ్లాక్ ఓపియంకి ఈ నాలుగు నెలల రాత్రులే అసలు సీజన్. మిగతా నెలల్లో ఏసీ హాల్లో జరిగే రాత్రి రిసెప్షన్లకి ఒక్క స్ప్రేతో వాడుకోవచ్చు.

ఆఫీసు విషయంలో మాకు రెండో ఆలోచన లేదు. జనవరిలో కూడా బ్లాక్ ఓపియం ఆఫీసుకి వద్దు. ఏసీ గదిలో చాలావరకు ఉన్న గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, ఉదయం మీరు తెచ్చిన వనిల్లా మధ్యాహ్నం మీటింగు గదిలో కూడా ఉంటుంది. పక్క సీటావిడకి తలనొప్పి అన్నారు. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఘాటు వాసన తగిలితే నొప్పి మొదలవుతుంది, అది సుకుమారం కాదు. లైట్ బ్లూ కూడా ఆవిడకి పడుతుందో లేదో ముందుగా తెలియదు. ఒక రోజు రెండే స్ప్రేలు దుస్తుల లోపల కొట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నం ఆవిణ్ణే అడగండి. పడకపోతే ఆఫీసు రోజుల్లో మానేయడమే. అప్పుడు మీకు 100 కాదు, 50 మి.లీ. సీసా చాలు. అందుకే సీసా కొనకముందే 2 మి.లీ. శాంపిల్ సంపాదించి ఈ పని ముగించండి. పైన లెక్కలో చెప్పిన మధ్యాహ్నపు స్ప్రే ఎప్పుడూ సీటు దగ్గర కొట్టుకోకండి, వాష్‌రూమ్‌లో కొట్టుకుని రండి. చిన్న 5 మి.లీ. ఖాళీ స్ప్రే సీసా హ్యాండ్‌బ్యాగులో ఉంటే చాలు. సాయంత్రం రద్దీ వేళ అమీర్‌పేటలో జనం ఎక్కాక మెట్రో పెట్టెలో మీ మెడ ఇంకొకరి ముక్కుకి జానెడు దూరంలో ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయమే.

ఎక్కడ కొట్టుకోవాలి? లైట్ బ్లూ అయితే ఛాతీ మీద దుస్తుల లోపల ఒకటి, మెడ వెనక ఒకటి, నూలు చున్నీ కొసకి ఒకటి. సీసా 15 నుంచి 20 సెం.మీ. దూరంలో పట్టుకోండి. దగ్గరగా పట్టుకుంటే ఒకే చోట తడిసి, ఆ చోట మాత్రమే ఘాటుగా ఉంటుంది. బట్ట మీద కొడితే చర్మం మీదకన్నా ఎక్కువసేపు ఉంటుంది, లైట్ బ్లూకి ఇదే పెద్ద ఉపాయం. బ్లాక్ ఓపియంకి మెడ జోలికి పోవద్దు. నడుము దగ్గర ఒకటి, మోచేతి మడతలో ఒకటి. బయల్దేరడానికి అరగంట ముందు కొట్టుకుంటే మొదటి ఘాటు ఇంట్లోనే పోతుంది. వనిల్లా ఉన్న సెంట్లు నాళ్ళు గడిచేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతాయి, తెల్ల బట్ట మీద పసుపు మరక పడే ప్రమాదం ఉంది.

ఎండ తగిలే చోట, ముఖ్యంగా మెడ ముందువైపు, సెంటు కొట్టుకుని బయటికి పోకండి. నిమ్మ, బెర్గమాట్ తొక్క నూనెల్లో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే నల్లమచ్చలు వస్తాయి. ఇప్పటి సెంట్లలో వాటికి హద్దులు పెట్టారు గానీ, మన చాయ చర్మానికి మచ్చ పడితే పోవడానికి నెలలు పడుతుంది. వ్యాక్సింగ్, థ్రెడింగ్ చేయించుకున్న రోజు ఆ చోట అసలు వద్దు, ఆల్కహాల్ మండుతుంది. చెమట మీద సెంటు కొడితే చెమట వాసన పోదు. చెమట ఆపే రోలాన్ వాసన లేనిది చూసి, రాత్రి పడుకునేముందు రాసుకోండి. చెమట పట్టని వేళ రాస్తేనే అది బాగా పనిచేస్తుంది.

ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి అన్న పద్ధతి మన ఊరికి కొత్తదేమీ కాదు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ అత్తరు దుకాణాల్లో అడిగి చూడండి. ఎండలకి వట్టివేళ్ళ (ఖస్) అత్తరు, గులాబీ, మొగలి. చలికి షమామా, హీనా, ఊద్. తొలకరి వాసన కావాలంటే మిట్టీ అత్తరు ఉంది. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి పాత్రలో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టి తీస్తారు. మీ రెండో సీసా డబ్బులు మిగుల్చుకోవాలంటే బ్లాక్ ఓపియం బదులు 3 మి.లీ. షమామా తీసుకోవచ్చు. చలిరాత్రి పట్టుచీర మీదికి నిజానికి అదే ఎక్కువ నప్పుతుందని మా అభిప్రాయం. సూది మొన మీద నిలిచేంత చుక్క చెవి వెనక చాలు. నూనె కాబట్టి బట్టకి మాత్రం తగలనివ్వకండి, మరక పోదు. మరీ చవగ్గా ఇస్తున్నారంటే గంధం నూనె స్థానంలో వేరే నూనె ఉందనే అర్థం. అది తప్పేమీ కాదు గానీ ధర దానికి తగ్గట్టు ఉండాలి.

కొనేటప్పుడు పేరు అక్షరం అక్షరం చదవండి. లైట్ బ్లూ పేరు మీద ఇంటెన్స్ అనీ, మగవాళ్ళకి పూర్ హోమ్ అనీ వేరే ఉన్నాయి. బ్లాక్ ఓపియంలోనూ ఇలాంటివి అరడజను. పెట్టె రంగు ఒకేలా ఉన్నా లోపలి వాసన వేరు, మీరు చూసింది ఒకటి, ఇంటికొచ్చేది ఇంకొకటి అవుతుంది. పెట్టె అడుగున, సీసా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు ఒకటే కావాలి. మన దేశంలోకి చట్టప్రకారం వచ్చిన సరుకు మీద దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం ఉన్న చీటీ తప్పకుండా ఉంటుంది. పేవ్‌మెంట్ మీద "ఫస్ట్ కాపీ" అని అమ్మేవి మొదటి పది నిమిషాలు అచ్చం అలాగే ఉంటాయి. అడుగు వాసన దగ్గర దొరికిపోతాయి, చర్మానికి ఏం పడుతుందో చెప్పలేం.

ఇంటికి తెచ్చాక పెట్టెలోనే ఉంచి, బీరువా కింది అరలో పెట్టండి. బాత్‌రూమ్ అద్దం ముందు, కిటికీ గట్టు మీద వద్దు. వేడీ వెలుతురూ తగిలితే ముందు చెడేది నిమ్మ వాసనే, పుల్లగా, వార్నిష్‌లా మారుతుంది. స్కూటర్ డిక్కీలో, కారులో అసలే వద్దు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే, సీసాలో ఉన్నది మండే ద్రవం.

ఇక మీ మరిది పెళ్ళి. మాఘంలో పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 17, 18 ఉంటుంది. ముహూర్తానికి జడనిండా పూలు, హోమం పొగ, నెయ్యి, అక్షింతల పసుపు, ఇన్ని వాసనల మధ్య వనిల్లా పెడితే గజిబిజి. పెళ్ళికొడుకు వదినగా మీరు పీటల దగ్గరే ఉంటారు, పొగలో కూర్చున్నవాళ్ళకి ఘాటు సెంటు ఇంకా కష్టం. అప్పుడు లైట్ బ్లూ రెండు స్ప్రేలు, చీర కట్టకముందే. బ్లాక్ ఓపియం రాత్రి రిసెప్షన్‌కి దాచుకోండి. పట్టు మీద గానీ జరీ మీద గానీ సెంటు పడకూడదు. ఆల్కహాల్‌కి కొన్ని అద్దకాలు కరుగుతాయి, జరీ నల్లబడుతుంది. చీరకి వాసన కావాలనుకుంటే లోపలి నూలు లంగా అంచుకి కొట్టి ఆరనివ్వండి.

ముత్యాలు పెట్టుకునేట్టయితే అన్నిటికన్నా ఆఖరున పెట్టుకోండి. బంగారానికి సెంటు ఏమీ చేయదు గానీ ముత్యం పైపొర సున్నంతో కట్టిన పొర, ఆల్కహాలూ ఆమ్లాలూ తగిలితే మెరుపు పోతుంది, మళ్ళీ రాదు. సెంటు కొట్టుకున్నాక పావుగంట ఆగి హారం వేసుకోండి. ఇంటికొచ్చాక చీర కన్నా ముందు అదే తీసి, తడిపి గట్టిగా పిండిన మెత్తటి నూలుబట్టతో తుడిచి, రాత్రంతా ఆరనిచ్చి పొద్దున పెట్టెలో పెట్టండి.